కళ, చరిత్ర, స్నార్కెలింగ్ కలిసిన సాయంత్రపు టూర్: వేళను నీటిలోని వెలుతురే నిర్ణయించాలి

మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు కుటుంబంతో ఒక సముద్రతీరపు ఊరికి వెళ్తున్నారు. అక్కడ మూడున్నర గంటల సాయంత్రపు టూర్ ఒకటి ఉంది. మొదట గోడచిత్రాలు, శిల్పాలు, పాత కోట చూపిస్తూ ఊరి చరిత్ర చెబుతారు, ఆ తరవాత గైడ్ వెంట స్నార్కెలింగ్‌కు, అంటే కళ్లకు మాస్క్, నోట్లో స్నార్కెల్ అనే గాలి గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ అడుగును చూడటానికి, తీసుకువెళ్తారు. మీ నాన్నగారికి 64 ఏళ్లు, అబ్బాయికి 10 ఏళ్లు, మీ శ్రీమతికి ఈత రాదు. మూడింటిని కలిపిన టూర్‌లో ఏదీ సరిగ్గా చూడలేమేమో అన్నది మీ సందేహం. డబ్బు కట్టే ముందు ఏం అడగాలన్నది మీ ప్రశ్న.

నేను 14 ఏళ్లుగా స్నార్కెలింగ్ గైడ్‌గా ఉన్నాను, అందులో ఎక్కువ కాలం సాయంత్రపు బృందాలనే నడిపించాను. వరస సరిగ్గా కుదిర్చిన టూర్ అయితే తప్పకుండా వెళ్లండి. ఈ మూడూ ఒకదానికొకటి అడ్డు రావు, పైగా ఒకటి తెలియకపోతే రెండోది సగమే కనిపిస్తుంది. వరస కుదరని టూర్ అయితే మాత్రం మీ సందేహమే నిజమవుతుంది. కాబట్టి టూర్‌లో ఎన్ని చూపిస్తారన్న లెక్క కన్నా, దేని తరవాత ఏది వస్తుంది, నీళ్లలోకి దిగేటప్పటికి పొద్దు ఎంత ఉంటుంది అన్నవి ముందుగా తెలుసుకోవాలి.

వరసకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, నీళ్లలో గైడ్ మాట్లాడలేడు. నోట్లో గొట్టం ఉంటుంది, చెవులు నీళ్లలో ఉంటాయి, ముఖం కిందికి ఉంటుంది. వేలితో చూపించగలడు, టార్చ్ వెలుగుతో చుట్టగలడు, అంతకు మించి ఏమీ చెప్పలేడు. చూసేవారు ఒడ్డున ఏం విన్నారో అదే వారి వెంట నీళ్లలోకి వస్తుంది. కళ గురించి, చరిత్ర గురించి చెప్పవలసినదంతా దిగకముందే చెప్పి తీరాలన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది.

దీనికి నేను తరచూ చెప్పే ఉదాహరణ ఫ్రాన్స్‌లోని కేన్ నగరానికి ఎదురుగా ఉన్న సెంట్ మార్గరీత్ ద్వీపం. ఆ ద్వీపపు తీరంలో, స్నార్కెల్‌తో ఈదుతూ పైనుంచి చూడగలిగేంత తక్కువ లోతులో, 2021లో ఆరు పెద్ద ముఖాల శిల్పాలను నీటి అడుగున నిలబెట్టారు. ఒక్కొక్కటి రెండు మీటర్లకు మించిన ఎత్తు ఉంటుంది. శిల్పి జేసన్ డికెయిర్స్ టేలర్ ఆ ఊరివాళ్ల ముఖాలనే నమూనాగా తీసుకున్నాడు. ప్రతి ముఖమూ ముసుగు విడిపోతున్నట్టు రెండుగా చీలి ఉంటుంది. ఏమీ తెలియకుండా దిగినవారికి అవి పెద్ద సిమెంటు తలలు, చుట్టూ కొన్ని చేపలు. కానీ అదే ద్వీపంలోని కోటలో, చరిత్రలో ఇనుప ముసుగు మనిషిగా పేరుపడిన ఖైదీని 1687 నుంచి 1698 వరకు బంధించి ఉంచారు. ఆ చెరసాల గదిలో ఐదు నిమిషాలు నిలబడి, మందపు గోడనూ వరసగా బిగించిన ఇనుప కడ్డీలనూ చూసి, ఆ తరవాత నీళ్లలోకి దిగినవారికి ముఖం ఎందుకు చీలిందో ఎవరూ చెప్పనక్కర లేదు. మంచి టూర్ అంటే నా దృష్టిలో ఇలా ఉండాలి.

ఇటలీలోని బయ్యె కథ ఇంకా పాతది. నేపుల్స్ నగరానికి పడమట ఉన్న ఈ రోమన్ల విలాస పట్టణంలో తీరం వెంబడి ఉన్న భాగం, అగ్నిపర్వత ప్రాంతం కావడంతో నేల నెమ్మదిగా పైకి లేస్తూ కుంగుతూ ఉండటం వల్ల శతాబ్దాల క్రమంలో సముద్రంలో మునిగిపోయింది. క్లాడియస్ చక్రవర్తి కాలపు విందుమందిరం ఇప్పుడు సుమారు ఐదు మీటర్ల లోతులో ఉంది. అక్కడ నీటిలో కనిపించే విగ్రహాలు నకళ్లు. అసలువి పైన కోటలోని మ్యూజియంలో ఉన్నాయి. ఈ సంగతి కొందరు గైడ్లు దాచిపెడతారు, విగ్రహం నకలు అంటే యాత్రికులకు ఉత్సాహం తగ్గుతుందని వారి భయం. నేను మాత్రం ముందు అసలును చూపించి ఆ తరవాతే నకలు దగ్గరికి తీసుకువెళ్లాలంటాను. రెండు వేల ఏళ్ల పాలరాయికి సముద్రజీవులు పెట్టిన తొర్రలను గాజు తలుపు అవతల చూసినవారికి, అసలును ఎందుకు పైకి తీశారో అర్థమవుతుంది. నీళ్లలో ఉన్న నకలును కూడా ఆ తరవాత వేరే కళ్లతో చూస్తారు.

చరిత్ర చెప్పడంలో నిజాయితీ గురించి ఇంకొక్క మాట. కరీబియన్‌లోని గ్రెనడా ద్వీపంలో, మొలినియర్ తీరాన 2006లో మొదలైన నీటి అడుగు శిల్పవనంలో, చేతులు పట్టుకుని వలయంగా నిలబడ్డ పిల్లల శిల్పం ఒకటి ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెస్తూ ఓడల మీది నుంచి సముద్రంలోకి తోసేసినవారి స్మారకం అది అని చాలామంది చెబుతారు. అలా చేసే ఉద్దేశం తనకు లేదని ఆ శిల్పి స్వయంగా చెప్పాడు. చూసేవారికి అలా తోచడం వేరు, ఆ భావానికీ విలువ ఉంది. కానీ గైడ్ దాన్ని జరిగిన చరిత్రగా చెప్పకూడదు. మీరు వెళ్లబోయే టూర్‌లో గైడ్ "ఇలా అంటారు", "ఇది మాత్రం రాసి ఉంది" అని విడదీసి చెబుతున్నాడా అన్నది గమనించండి. నా అనుభవంలో కథ విషయంలో జాగ్రత్త ఉన్నవాడు సముద్రం విషయంలోనూ జాగ్రత్తగానే ఉంటాడు.

ఇక వెలుతురు సంగతి. సాయంత్రపు టూర్లలో అందరూ పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒడ్డున ఇంకా పుస్తకం చదువుకోగలిగేంత వెలుతురు ఉన్నా నీటి అడుగున అప్పటికే చీకటి పడుతూ ఉంటుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కదలని నీటి మీద పడిన కాంతిలో వెనక్కి తిరిగేది దాదాపు 2 శాతమే. సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి నేరుగా వచ్చే కాంతిలో మూడో వంతుకు పైగా నీటిపైనే ప్రతిఫలించి వెనక్కి పోతుంది. భూమధ్యరేఖకు దగ్గరి తీరాల్లో అది సూర్యాస్తమయానికి సుమారు 40 నిమిషాల ముందే వచ్చే స్థితి. దీనికి తోడు, నీరు ఎరుపు రంగును అన్నిటికన్నా ముందు మింగేస్తుంది. నాలుగైదు మీటర్ల లోతులో ఎర్రటి పగడం కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. కాబట్టి శిల్పాలనో శిథిలాలనో పగటి వెలుగులో చూపించదలచుకున్న టూర్, సూర్యాస్తమయానికి కనీసం గంటన్నర ముందు జనాన్ని నీళ్లలోకి దించాలి. లేదా పూర్తిగా చీకటి పడేదాకా ఆగి, టార్చ్‌లతో దించాలి. టార్చ్ వెలుగు ప్రయాణించే దూరం తక్కువ కనుక మింగుడుపడిన ఎరుపు మళ్లీ బయటికొస్తుంది. పగలు బూడిదగా ఉన్న స్పాంజి రాత్రి టార్చ్ కింద కుంకుమ ముద్దలా కనిపించడం మొదటిసారి చూసినవారు ఎవరైనా నీళ్లలోనే ఏదో అనబోయి గొట్టంలోకి నీళ్లు తెచ్చుకుంటారు.

ఈ రెండింటి మధ్య మసక వేళ శిల్పాలకు పనికిరాదు, జీవులకు మాత్రం అదే అన్నిటికన్నా మంచి సమయం. పగటి చేపలు దాక్కునే వేళ, రాత్రి చేపలు ఇంకా బయటికి రాని వేళ, పగడపు దిబ్బ కొన్ని నిమిషాల పాటు ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది. వేటాడే పెద్ద చేపలు తిరిగేది ఆ సందులోనే. తరవాత పెద్ద కళ్ల ఎర్ర చేపలు బొరియల్లోంచి గుంపుగా బయలుదేరతాయి. నల్లటి పొడవు ముళ్లుండే సీ అర్చిన్లు అనే గుండ్రటి జీవులు రాతి పగుళ్లలోంచి పాకుతూ వస్తాయి. చిలుక చేపల్లో కొన్ని జాతులు రాతి సందులో ఒదిగి, నోటి నుంచి జిగురు వదిలి, తమ చుట్టూ పల్చటి సంచి అల్లుకుని అందులో నిద్రపోతాయి. ఒకసారి ఒక శిల్పం భుజం మీద, బొటనవేలి గోరంత చోటులో, పగడపు జీవులు ఒక్కొక్కటే ముడుచుకున్న చేతులు చాపి విచ్చుకోవడం చూశాను. టార్చ్ పక్కకు తిప్పి, దాని అంచు వెలుగు మాత్రమే పడేలా పట్టుకుంటే అవి చాపుతూనే ఉన్నాయి. నేరుగా వెలుగు వేసినప్పుడు వెనక్కి ముడుచుకున్నాయి. ఆ శిల్పం చెక్కిన చేతికీ దాన్ని ఇప్పుడు పూర్తి చేస్తున్న జీవులకూ మధ్య ఉన్న సంబంధం నాకు ఆ రాత్రే అర్థమైంది. ఇలాంటి శిల్పాలకు ఆమ్ల క్షార గుణాలు లేని సిమెంటు వాడేది, పైభాగం గరుకుగా ఉంచేది పగడాలు పట్టుకోవడం కోసమే.

నా తొలి రోజుల్లో జరిగిన ఒక తప్పును ఇక్కడ చెప్పాలి. అప్పుడు నేను పనిచేస్తున్న చోట టూర్ ప్రతిరోజూ ఒకే గంటకు మొదలయ్యేది. ఆ రోజు కోట దగ్గర బృందం ఆసక్తిగా వింటోందని నేను మాటలు పొడిగించాను. పాతిక నిమిషాలు ఆలస్యంగా ఒడ్డుకు చేరాము. టార్చ్‌లు నా దగ్గర ఒక్కటి మించి లేవు, ఎందుకంటే అది పగటి టూర్‌గా అనుకున్నది. దిగిన పది నిమిషాలకే అడుగు కనిపించడం మానేసింది. ఒక మధ్యవయస్కురాలు తల పైకెత్తి చూసేసరికి తనకు పక్కన ఎవరూ లేరనిపించి బెదిరిపోయింది. నిజానికి మేము మూడు గజాల దూరంలోనే ఉన్నాము. ఆమెను తేలే రింగు పట్టించి ఒడ్డుకు తెచ్చాను, దెబ్బ ఏమీ తగలలేదు, కానీ ఆమె చేతులు చాలాసేపు వణికాయి. ఆ రోజు నుంచి నీళ్లలోకి దిగే గంట ముందే ఖాయం చేసుకుని, దాని నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ కథకు సమయం కేటాయిస్తున్నాను. కథ మిగిలిపోతే తిరుగు దారిలో చెబుతాను. వెలుతురు మిగిలి ఉండదు.

అందుకే మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: "మేము వచ్చే రోజున నీళ్లలోకి ఎన్ని గంటలకు దిగుతాము, ఆ రోజు సూర్యాస్తమయం ఎప్పుడు?" ఈ రెండూ వెంటనే చెప్పగలిగితే మంచిది. రెండో ప్రశ్న ఆటుపోట్లది. ఆటూ పోటూ వచ్చే సమయం రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది. మధ్యధరా సముద్రంలో ఆటుపోట్ల తేడా చాలా తక్కువ కనుక అక్కడ ఇది పెద్దగా పట్టించుకోనక్కర లేదు. తేడా ఎక్కువ ఉన్న తీరాల్లో మాత్రం ఏడాది పొడవునా ఒకే గంటకు నడిచే టూర్ కొన్ని రోజుల్లో తప్పకుండా ప్రవాహానికి ఎదురీదవలసి వస్తుంది. "నీటి పరిస్థితిని బట్టి సమయం మారుస్తారా, రద్దు చేస్తే డబ్బు తిరిగి ఇస్తారా" అని అడగండి. రద్దు చేసినా నష్టపోని పద్ధతి ఉన్నచోటే గైడ్ ధైర్యంగా రద్దు చేయగలుగుతాడు.

గాలి గురించి కూడా తెలుసుకోండి. మధ్యాహ్నం సముద్రం మీది నుంచి ఒడ్డుకు వీచే గాలి సాయంత్రానికి తగ్గుతుంది, అలలు చిన్నవవుతాయి, సాయంత్రపు స్నార్కెలింగ్ హాయిగా ఉండటానికి అది ఒక కారణం. పొద్దుపోయాక చాలా తీరాల్లో గాలి దిశ తిరిగి, నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. నీరు అద్దంలా కనిపిస్తూనే తేలుతున్న మనిషిని మెల్లగా లోపలికి తీసుకుపోతుంది. ఒడ్డు నుంచి దిగే రాత్రి టూర్‌లో ఒడ్డున ఒకరు దీపంతో కాపలా ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మీ నాన్నగారి విషయం అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసినది. స్నార్కెలింగ్ తేలికపాటి వినోదంగా కనిపిస్తుంది, గుండెకు మాత్రం అది శ్రమే. చల్లటి నీరు తగిలితే రక్తపోటు పెరుగుతుంది. గొట్టం గుండా గాలి బలంగా పీల్చవలసి వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, శరీరంలో ఆక్సిజన్ వేగంగా పడిపోయే ప్రమాదం ఉందని హవాయిలో స్నార్కెలింగ్ మరణాల మీద జరిగిన పరిశీలన తేల్చింది. అలాంటప్పుడు మనిషి చేతులు కొట్టుకోకుండా, కేక కూడా వేయకుండా సొమ్మసిల్లవచ్చు. ఆయనకు రక్తపోటు, గుండె జబ్బు, ఆయాసం వంటివి ఏవైనా ఉంటే ముందు వైద్యుణ్ని అడగండి. అన్నీ బాగున్నా, ఇరుకైన గొట్టం కాకుండా వెడల్పైన సాదా గొట్టం తీసుకోమనండి. ముఖమంతా కప్పే మాస్క్ ఆయనకు వద్దనే చెబుతాను, ఎందుకంటే ఊపిరి ఆడనప్పుడు మామూలు గొట్టాన్ని ఉమ్మేసినట్టు దాన్ని ఒక్క క్షణంలో వదిలించుకోలేము. ఆయాసం అనిపించిన మరుక్షణం వెల్లకిలా తిరిగి, గొట్టం తీసేసి, చెయ్యి పైకెత్తాలి. ఈ మూడు పనులూ లోతు లేని చోట రెండుసార్లు చేయించి చూసిన తరవాతే ముందుకు వెళ్లండి. దిగే ముందు మద్యం ఎవరికీ వద్దు. కొన్ని టూర్లు స్వాగతమంటూ ముందే ఇస్తాయి, అది చాలా తప్పు పద్ధతి.

మీ శ్రీమతికి ఈత రాకపోయినా ఒడ్డునే ఉండిపోనక్కర లేదు. గాలి ఊదే చొక్కా లాంటి స్నార్కెల్ జాకెట్ సరిపోదు, ఫోమ్ నింపిన లైఫ్ జాకెట్ కావాలి. దానితోపాటు, గైడ్ తన వెంట లాక్కెళ్లే తేలే రింగు కూడా ఉండాలి. రెండు చేతులతో రింగు పట్టుకుని, ముఖం మాత్రం నీళ్లలో పెట్టి చూస్తే చాలు. ఈత వచ్చినవారు చేతులు కాళ్లు ఆడిస్తూ బెదరగొట్టే చేపలు, కదలకుండా తేలేవారి కిందికి వస్తాయి. కానీ చీకటి పడిన తరవాత ఆమె మొదటిసారి దిగకూడదు. పగటి వెలుగులో, నడుము లోతులో, మాస్క్ పెట్టుకుని నిలబడి ఊపిరి పీల్చడం అలవాటైన తరవాతే. ఒక గైడ్‌కు ఆరుగురికి మించి ఉండకూడదన్నది నా లెక్క, ఈత రానివారు ఉంటే నలుగురే. బృందానికి ఒక్కడే గైడ్ ఉంటే మాత్రం ఒప్పుకోకండి, ఎందుకంటే ఒకరిని ఒడ్డుకు తీసుకురావలసి వస్తే మిగిలినవారి దగ్గర ఎవరూ ఉండరు.

అబ్బాయికి సమస్య చలి. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, చిన్న ఒంట్లోంచి మరీ త్వరగా. వెచ్చటి సముద్రమైనా సాయంత్రం అరగంట దాటితే పెదవులు నీలమవుతాయి. అతని కొలతకు సరిపడే వెట్‌సూట్ (నీళ్లలో ఒంటి వేడిని నిలిపే బిగుతు దుస్తులు) ఉందా అని ముందే అడగండి. మాస్క్ గుండా చూసినప్పుడు వస్తువులు మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయని అతనికి ఒడ్డునే చెప్పండి. చేప ముక్కు ముందే ఉందనుకుని చెయ్యి చాపితే అందదు. ఇది తెలిసిన పిల్లలు భయపడరు, పైగా ప్రతిదాన్నీ కొలిచి చూడటం మొదలుపెడతారు.

దిగిన తరవాత శిల్పాన్ని గానీ శిథిలాన్ని గానీ పగడాన్ని గానీ ముట్టుకోవద్దు, దానిమీద నిలబడవద్దు. బయ్యెలో మొజాయిక్ నేలలను కాపాడటానికి ఇసుకతో కప్పి ఉంచుతారు, గైడ్ చేత్తో ఇసుకను మెల్లగా తోసి చూపించి మళ్లీ కప్పేస్తాడు. దగ్గరికొచ్చి కాళ్లకు తొడుక్కున్న ఈత రెక్కలు (ఫిన్స్) ఊపితే లేచే ఇసుక, మీ వెనక వచ్చే పదిమందికి ఆ దృశ్యం లేకుండా చేస్తుంది. టార్చ్‌ను నిద్రపోతున్న చేప కంట్లోకి గానీ, తోటి మనిషి ముఖంలోకి గానీ వేయవద్దు. నీళ్లలో బాగున్నానని చెప్పడానికి టార్చ్‌తో వలయం గీస్తారు, సాయం కావాలంటే అటూ ఇటూ ఊపుతారు. ఈ సంకేతాలు మీ గైడ్ ఒడ్డునే నేర్పించాలి. సన్‌స్క్రీన్ విషయంలో సాయంత్రపు టూర్‌కు ఒక మేలుంది. పొద్దు వాలాక దాని అవసరం ఉండదు, పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే చాలు. పగడాలకు హాని చేస్తాయని ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2021 జనవరి 1 నుంచి నిషేధించింది.

వరస ఎప్పుడూ ఊరి నుంచి నీటికే ఉండాలన్న నియమం లేదు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ తీరంలో 2019లో నిలబెట్టిన ఒక బాలిక శిల్పం నీళ్లపైనే ఉంటుంది. దూరాన ఉన్న పగడపు దిబ్బ దగ్గర కొలిచిన నీటి ఉష్ణోగ్రతను బట్టి, రాత్రివేళ దాని ఒంటి మీది దీపాల రంగు మారేలా దాన్ని రూపొందించారు. అలాంటి చోట పగలు దిబ్బ దగ్గర స్నార్కెలింగ్ చేసి, చీకటి పడ్డాక తిరిగి వచ్చి ఆ శిల్పం ముందు నిలబడటమే సరైన వరస. మీరు వెళ్లే ఊరిలో గోడచిత్రాలకు రాత్రి దీపాలు పెట్టి ఉంటే, ముందు కోట, తరవాత నీళ్లు, చివర గోడచిత్రాలు అన్న వరస అన్నిటికన్నా బాగుంటుంది. తడి బట్టలు మార్చుకుని, వెచ్చటిది ఏదైనా తాగి, నడుస్తూ చూడవచ్చు. టూర్ నడిపేవారిని ఈ మార్పు అడిగి చూడండి, చిన్న బృందాలకు చాలామంది ఒప్పుకుంటారు.

చివరగా, మీ శ్రీమతికి ఈత రాదన్న సంగతి, నాన్నగారి వయసు, అబ్బాయి ఎత్తు, మీ అందరి పాదాల కొలతలు, కళ్లద్దాలు ఉంటే వాటి పవర్, ఇవన్నీ టూర్‌కు కనీసం రెండు రోజుల ముందే రాతపూర్వకంగా పంపండి. పవర్ ఉన్న మాస్క్, సరైన లైఫ్ జాకెట్, రెండో గైడ్, ఈ మూడూ అప్పటికప్పుడు ఒడ్డున దొరకవు. మీ సందేశానికి వారు ఏ ప్రశ్నా అడగకుండా "ఏం పరవాలేదు, వచ్చేయండి" అని మాత్రమే జవాబిస్తే వేరే టూర్ చూసుకోండి.